కూర గిన్నె పెద్దది చేయండి

వంటింటి ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పేలియో గురించే. మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ గాలి తమిళనాడు నుంచి వీచినట్టుంది. వేలూరులోనో చెన్నైలోనో ఉన్న చుట్టాలు సన్నబడి పెళ్లిళ్లకు వస్తారు, ఇక్కడ మనవాళ్లు సంగటి ముద్ద పక్కన పెడతారు. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు: వ్యవసాయం రాకముందు మనిషి తిన్నదానికి దగ్గరగా తినాలన్నది ఈ పద్ధతి. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, గడ్డలు, పండ్లు, కొబ్బరి, నువ్వులు, బాదం లాంటివి తినొచ్చు. బియ్యం, గోధుమ, రాగి, పప్పులన్నీ, పాలు, పెరుగు, చక్కెర, ప్యాకెట్ తిండి వద్దు.

నేను డాక్టర్ని కాను. ఇంటిల్లిపాదికీ రాత్రి వంట చేసే మనిషిని, మిద్దె మీద తోట ఉన్నదాన్ని. మా అబ్బాయి ఈ పద్ధతిలో తింటాడు. మా ఆయన సంగటి లేనిదే పీట మీద నుంచి లేవరు. మనవరాలికి ఏం వండినా చివరికి పెరుగన్నం కావాలి. ఈ ముగ్గురికీ ఒకే పొయ్యి దగ్గర వండుతున్న అనుభవంతోనే ఈ జవాబులు.

ప్రశ్న: మా వారు కొత్తగా రాత్రి పూట పేలియో అంటున్నారు. అత్తగారికి సంగటి, పిల్లలిద్దరికీ అన్నం కావాలి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. రెండు రకాల వంటంటే టెన్షన్‌గా ఉంది. మిద్దె మీద సొరకాయ, బీరకాయ, వంకాయ, టమాటా, తోటకూర ఉన్నాయి. అరగంటలో అందరికీ సరిపోయే వంట చెప్పండి.
– ఒక ఉద్యోగిని, పుత్తూరు

జవాబు: రెండు వంటలు చేయొద్దమ్మా. ఒకటే కూర చేయండి. కాకపోతే గిన్నె పెద్దది పెట్టండి.

మనం కూర వండేది అన్నంలోకి కలుపుకోవడానికి. అందుకే అరకిలో వంకాయలతో ఐదుగురికి సరిపెడతాం. మీ వారి కంచంలో అన్నం తీసేసి అదే గరిటెడు కూర వేస్తే తొమ్మిదింటికల్లా ఆయన బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటారు. ఈ పద్ధతి మొదలుపెట్టి మానేసేవాళ్లను చూశాను, చాలామంది మానేది ఆకలికే, రుచికి కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అని ఉంది, ఆకుకూరలూ గడ్డలూ కలిపి. అది పేలియో వాళ్లకు చెప్పింది కాదు, మనందరికీ చెప్పింది. అందులో సగం రాత్రికి వేసుకున్నా మీ ఐదుగురికి కిలో కూరగాయలు. ఈ లెక్క ముందు మనసులో పెట్టుకోండి, మిగతావన్నీ సులువు. మీ మిద్దె తోట రోజూ కిలో ఇవ్వదు, అది నాకూ తెలుసు. తక్కువైనది బజారులో తెచ్చుకోవడమే.

రెండో సంగతి ఉప్పు, కారం. అన్నంలోకి వండే కూరలో ఉప్పూ కారమూ గట్టిగా వేస్తాం, ఎందుకంటే అన్నం చప్పగా ఉంటుంది. ఆ కూరనే కంచం నిండా వట్టిగా తింటే నోరు మండుతుంది, ఉప్పు కూడా మోతాదు మించుతుంది. అందుకని కూరను సగం కారంతో, తక్కువ ఉప్పుతో దించండి. మీ అత్తగారికి సంగటి పక్కన కాస్త ఊరుబిండి పచ్చడో ఊరగాయో వేయండి, ఆమెకు లోటు తెలియదు. పిల్లలకు ఎలాగూ కారం తక్కువే కావాలి. ఒక్క కూరతో ముగ్గురినీ మెప్పించే కిటుకు ఇంతకంటే నాకు తెలియదు.

ఇక వంట. మీ తోటలో ఉన్నవాటితో మా ఇంట్లో తరచుగా అయ్యేది సొరకాయ పులుసులో గుడ్లు కొట్టి పోయడం. గుడ్లు ఉడకబెట్టి ఒలిచే పని ఉండదు. పొద్దున వెళ్లేముందు బియ్యపు నూకలు నానబెట్టి వెళ్లండి. రాగానే ఒక పొయ్యి మీద సంగటికి నూకలు ఎక్కించండి. అవి మెత్తబడ్డాక పైన రాగిపిండి పోసి, మూతపెట్టి, సన్న సెగన వదిలేస్తే చివర్లో ఒకసారి కట్టెతో కలిపితే చాలు. పిల్లల అన్నం కుక్కర్లోనో కరెంటు కుక్కర్లోనో దాని పాటికి అది అవుతుంది.

రెండో పొయ్యి మీద వెడల్పాటి బాణలి. మూడు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, నలిపిన తెల్లగడ్డలు. తిరగమోతలో మినప్పప్పు, శనగపప్పు వేయడం చేతికి అలవాటు కదా, వాటిని ఆపండి, అవీ పప్పులే. రెండు పెద్ద ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఐదారు టమాటాలు తరిగి వేసి, పసుపు, ఉప్పు చల్లి మూతపెట్టండి. టమాటా మగ్గేలోపు ముప్పావు కిలో సొరకాయ చిన్న ముక్కలు చేసుకోవచ్చు. గోరు దిగేంత లేత కాయైతే తొక్క తీయక్కర్లేదు, గింజ కూడా ఉంచొచ్చు. ముక్కలు వేసి మూతపెడితే పది నిమిషాల్లో ఉడుకుతాయి. సొరకాయలోనే నీళ్లుంటాయి కాబట్టి విడిగా పోయనక్కర్లేదు. తర్వాత పలచటి చింతపండు పులుసు, ధనియాల పొడి, కొంచెం కారం. చిక్కదనానికి మన వైపు చెనిక్కాయల (వేరుశనగ) పొడి వేస్తాం, కానీ ఈ పద్ధతిలో అదీ పప్పుల లెక్కే. దాని బదులు నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి కొట్టిన పొడి రెండు చెంచాలు వేయండి. పులుసు కుతకుతలాడాక మంట తగ్గించి గుడ్లు ఒక్కొక్కటే గిన్నెలో కొట్టి, దూరం దూరంగా జార్చండి. ఇక గరిటె పెట్టకూడదు. మూతపెట్టి ఆరేడు నిమిషాలు, సొన గట్టిపడేదాకా. ఐదుగురికి ఆరేడు గుడ్లు వేసి, మీ వారికి రెండో మూడో వడ్డించండి.

ఇది కాక మరో రోజు తోటకూర, రెండు వంకాయలు, టమాటా, పచ్చిమిరప, చింతపండు కుక్కర్లో రెండు విజిళ్లు రానిచ్చి పప్పుగుత్తితో ఎనపండి. మామూలుగా ఇందులో గుప్పెడు కందిపప్పు వేస్తాం. వేయకపోయినా వంకాయే చిక్కదనం ఇస్తుంది. పక్కన ఎర్రగడ్డలు దండిగా వేసిన ఆమ్లెట్. బీరకాయ కోసిన రోజు రొయ్యలు తెప్పించుకోండి. సూళ్లూరుపేట, పులికాట్ వైపు సరుకు మనకు దగ్గరే. రొయ్య నాలుగైదు నిమిషాలు మించి ఉడికితే రబ్బరవుతుంది, కాబట్టి బీరకాయ సగం మగ్గాకే వేయాలి.

చికెన్ రోజు పొద్దున్నే చిన్న ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లం తెల్లగడ్డ ముద్ద, నిమ్మరసం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు వద్దు కాబట్టి నిమ్మకాయ. సాయంత్రం ఇనుప బాణలిలో పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించి, ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా రెండు గుప్పెళ్ల మునగాకు వేసి కలపండి. దానికి తోడు కాల్చిన వంకాయ పచ్చిపులుసు, బెల్లం వేయకుండా. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు, వంకాయ కాలడానికి తప్ప.

ఒకటి మాత్రం మీకు చెప్పను: క్యాలీఫ్లవర్ తురిమి అన్నంలా వండమని. తురమాలి, నీరు పిండాలి, వేయించాలి. ఇంత చేశాక అది అన్నం కాదని నాలుకకు తెలిసిపోతుంది. దానికి పెట్టే సమయంలో ఇంకో కూర అవుతుంది.

ప్రశ్న: రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని పెరిగినవాళ్లం. ఈ రెండూ పేలియోలో నిషేధమని మా కోడలు అంటోంది. బాదం తినొచ్చట, చెనిక్కాయ కూడదట. ఇందులో న్యాయం ఏమిటి? రాతియుగం వాళ్లకు బాదంపప్పు ఎవరు తెచ్చిచ్చారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: అయ్యవారూ, చివరి ప్రశ్నకు గట్టిగా నవ్వాను. కానీ చెనిక్కాయ విషయంలో మీ కోడలిది తప్పు కాదు. పేలియో నియమం ప్రకారం చూస్తే చెనిక్కాయ బాదం జాతి కాదు, కంది, అలసంద, అనపల కుటుంబం. కాయ భూమిలో కాస్తుందన్న మాటే గానీ పప్పుధాన్యాల చుట్టమే. పప్పుల్లో లెక్టిన్లు, ఫైటేట్లు అనే పదార్థాలున్నాయని, అవి పేగులకూ ఖనిజాలు ఒంటికి పట్టడానికీ అడ్డమని పేలియో వాళ్ల వాదన. వాదనలో కొంత నిజం ఉంది. సరిగ్గా ఉడకని రాజ్మా తింటే వాంతులవుతాయి. అయితే మనం పప్పును పచ్చిగా తినం. బాగా ఉడికిస్తే లెక్టిన్లు చాలావరకు పోతాయి, నానబెడితే, మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. మన అమ్మమ్మలు అనపలు నానబెట్టి పితికి వండింది ఈ శాస్త్రం చదివి కాదు గానీ పని మాత్రం జరిగింది.

ఈ ఆలోచన పేరుపొందింది 1985లో. బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు అమెరికన్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పాతరాతియుగపు ఆహారం మీద వ్యాసం రాశారు. మన శరీరాలు ఆ తిండికి తయారైనవి, ఇప్పటి జబ్బుల్లో కొన్ని తిండి మారినందువల్ల వచ్చాయన్నది వాళ్ల మాట. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పట్టుకుని ఇది తిను, ఇది తినకు అని జాబితాలు కట్టారు. జాబితా దగ్గరే నాకు పేచీ. ఇటలీలో దాదాపు 30 వేల ఏళ్ల నాటి నూరుడురాళ్ల మీద మొక్కల పిండి ఆనవాళ్లు దొరికాయి. జోర్డాన్‌లో 14 వేల ఏళ్ల కిందటి రొట్టె ముక్కలు దొరికాయి. రెండూ వ్యవసాయం మొదలవ్వకముందువే. అంటే రాతియుగం మనిషికి గింజలూ పిండీ తెలుసు.

అంత దూరం ఎందుకు, మన రేణిగుంట దగ్గర రాళ్లకాలువ వాగు వెంట పాతరాతియుగం చివరి కాలపు రాతి పనిముట్లు దొరికాయి. సన్నని బ్లేడుల్లాంటి రాతి పలకలవి. 1960ల్లో ఎం.ఎల్.కె. మూర్తి గారు వాటి మీద పరిశోధన చేసి రాశారు. అసలైన పేలియో వాళ్లు విమానాశ్రయానికి కూతవేటు దూరంలో బతికారన్నమాట. వాళ్లకు బాదంపప్పు సంగతేమో గానీ టమాటా తెలియదు, మిరపకాయ తెలియదు, ఉర్లగడ్డ తెలియదు. ఇవి అమెరికా ఖండాల పంటలు, పోర్చుగీసువాళ్లు మన తీరానికి వచ్చిన తర్వాతి కాలంలో ఇక్కడికి చేరాయి. ఆ మాటకొస్తే మన చెనిక్కాయ కూడా దక్షిణ అమెరికాదే. రాగులు ఆఫ్రికా నుంచి వచ్చాయి, కాకపోతే కొన్ని వేల ఏళ్ల కిందటే. కాబట్టి రాతియుగం పేరు చెప్పి టమాటా పులుసు తింటూ సంగటిని వెలివేయడం నాకు సబబుగా తోచదు.

అయినా కోడలితో వాదన పెట్టుకోకండి. మైదా, చక్కెర, నూనెలో వేగినవి మానేసి కూరగాయలు తినడం ఆ పద్ధతిలో ఉన్న అసలు లాభం, అది ఆమెకు అందనివ్వండి. మీరు మాత్రం ఆమెను ఒకటి అడగండి: రాగీ లేక, పాలూ లేక కాల్షియం ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది? నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆ లోటు పూడాలంటే మునగాకు, నువ్వులు, ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ల లాంటి చిన్న చేపలు తరచుగా కంచంలో ఉండాలి. పాలకూరను ఈ లెక్కలో వేసుకోవద్దు. దానిలోని కాల్షియం ఒంటికి పట్టేది తక్కువ.

ప్రశ్న: మేం గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. పేలియో చేయొచ్చా?
– గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: చేయొద్దమ్మా. పప్పులు, పాలు, గుడ్లు, మాంసం అన్నీ తీసేస్తే ప్రొటీన్ ఎక్కడిది? బాదం, జీడిపప్పులతో కడుపు నింపుకుంటే డబ్బులూ చాలవు, కేలరీలూ మించుతాయి. పేలియో పేరు వదిలేయండి, రాత్రి కంచం మాత్రం మార్చుకోండి. సగం కంచం కూర, ఒక గిన్నె చిక్కటి పెసరపప్పో పితికిపప్పో, ఒక గిన్నె పెరుగు, చిన్న ముద్ద సంగటి. మీ ఇంట్లో ఇది నిలబడుతుంది. పేలియో ఒక నెల కూడా నిలబడదు.

ప్రశ్న: మా పెరట్లో సొరకాయ ఈమధ్య చేదుగా వస్తోంది. పేలియోలో పొద్దున్నే సొరకాయ రసం తాగమని ఒకరు చెప్పారు. చేదు ఒంటికి మంచిదే కదా అని తాగొచ్చా?
– పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తాగకండి. ఇది మిగతా జవాబుల్లా నా అభిప్రాయం కాదు, గట్టిగా చెప్తున్నాను. కాకరకాయ చేదు వేరు, సొరకాయ చేదు వేరు. సొర, బీర, దోస జాతి కాయలు చేదెక్కాయంటే వాటిలో కుకుర్బిటసిన్లు అనే విషపదార్థాలు పెరిగాయని అర్థం. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులతో ఆస్పత్రి పాలైనవాళ్లు ఉన్నారు, మన దేశంలో చనిపోయినవాళ్లూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి దీని మీద నిపుణుల కమిటీనే వేసింది. ఉడికించినా ఆ చేదు పోదు. రసంలో ఉసిరి, నిమ్మ కలిపితే చేదు నాలుకకు తెలియక ఇంకా ప్రమాదం.

కాబట్టి ఏ కాయైనా కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ ఎరువు గుంటలో వేయండి. ఒకవేళ తాగేసి కడుపులో తిప్పుతుంటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లండి. చెట్టుకు ఎండ దెబ్బ తగిలినా, నీళ్లు సరిగ్గా అందకపోయినా చేదు రావచ్చు. విత్తనంలోనే ఉండొచ్చు కూడా. పక్కనున్న చేదు జాతితో సంకరమైన కాయ గింజలు దాచి నాటితే వచ్చే మొక్క చేదుకాయలే కాస్తుంది. కాసిన ప్రతి కాయా చేదైతే ఆ తీగ పీకేసి కొత్త విత్తనం వేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. మాత్రలు వేసుకుంటారు. రాత్రి అన్నం పూర్తిగా మానేసి కూర, గుడ్లు మాత్రమే పెట్టాలనుకుంటున్నాను. సరేనా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆయన మాత్రల పేర్లు చూసుకుని, డాక్టరును అడిగాకే తల్లీ. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా మానేసి మందు మాత్రం అదే మోతాదు వేసుకుంటే రాత్రిపూట షుగర్ పడిపోవచ్చు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులైతే, పిండిపదార్థం బాగా తగ్గించినప్పుడు ఇంకో రకం ప్రమాదం ఉంది, రక్తంలో ఆమ్లాలు పెరుగుతాయి. మందు మోతాదు మార్చాల్సింది డాక్టరే, మీరూ నేనూ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు మాంసం, ఆకుకూరలు ఎంత తినాలన్నది కూడా డాక్టరే చెప్పాలి.

చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి షుగర్ 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు పేలియోలో చక్కెర నిషిద్ధం అని ఆలోచిస్తూ కూర్చోకండి.

ప్రశ్న: పెరట్లో నాలుగు సెంట్ల స్థలం ఉంది. రోజూ రాత్రి కూరకు ఏదో ఒకటి కోసుకునేలా ఏమేం వేయాలి? మా అక్క తిరుపతిలో మిద్దె తోట పెట్టింది, ఆమె వేసిన నెలల్లోనే నేనూ వేస్తే మొక్కలు సరిగ్గా రావడం లేదు.
– పాఠకురాలు, పలమనేరు

జవాబు: రావమ్మా. మొగిలి ఘాట్ ఎక్కాక మీది బెంగళూరు గాలి, మాది కొండ కింద కాగే పెనం. మీ అక్కకు ఏప్రిల్, మే నెలల్లో నీడ వల లేకుండా టమాటా పూత నిలవదు. మీకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. మీకు చలికాలంలో క్యాబేజీ, క్యారెట్, బీన్స్ కూడా బాగా వస్తాయి. అక్క క్యాలెండర్ పక్కన పెట్టి మీ ఊళ్లో రైతు ఎప్పుడు నారు పోస్తాడో చూడండి.

నాలుగు సెంట్లంటే చిన్న స్థలం కాదు. గోడ వారగా ఒక మునగ చెట్టు, దాన్ని ఎత్తుకు పోనివ్వకుండా ఏటా కొట్టేయాలి. ఆకు చేతికి అందాలి కదా. బచ్చలి, పొన్నగంటి ఒకసారి నాటితే ఏళ్లతరబడి ఉంటాయి. వండడానికి ఏమీ లేని రోజున కాపాడేవి ఈ మూడే. తోటకూర మొత్తం ఒకేసారి చల్లకండి. పదిహేను రోజులకు ఒక చిన్న మడి చొప్పున చల్లితే, నెల తిరిగేసరికి ఒక మడి కోతకు, ఒకటి ఎదుగుతూ ఉంటుంది. వంగ నాలుగు మొక్కలు చాలు. చిగురు వాడి వాలిపోయిందంటే లోపల పురుగు ఉన్నట్టే, ఆ కొమ్మ కింద దాకా తుంచి కాల్చేయండి, మందు కొట్టే పని తగ్గుతుంది. కాపు తగ్గాక మొక్కను సగానికి కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ కాస్తుంది.

సొర, బీర రెండేసి తీగలు పందిరికి. పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని చాలామంది రాస్తారు. ఈ రెండింటి పువ్వులూ సాయంకాలం విచ్చుకుంటాయి, మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు అందకపోతే పిందె నిలవదు. దీపాలు పెట్టే వేళకు ఒక మగ పువ్వు తుంచి, రెక్కలు విరిచి, పిందె ఉన్న పువ్వు మధ్యలో అద్దండి. రెండు నిమిషాల పని.

పేలియో ఇంటికి గెనుసుగడ్డ తప్పకుండా వేయండి. తీగ ముక్కలు నాటితే నాలుగు నెలలకు గడ్డ వస్తుంది. లేత ఆకు కూరగా వండుకోవచ్చు. అన్నం మానేసినవాళ్లకు, ఆడుకుని వచ్చే పిల్లలకు కడుపు నిండేది ఈ గడ్డలతోనే. చేమగడ్డ కూడా అంతే, తడి ఉండేచోట వేయండి. టమాటా నాలుగు మొక్కలకు మించి వేయొద్దంటాను. మదనపల్లె మార్కెట్లో ధర కుప్పకూలిన వారం మీకు కారుచౌకగా దొరుకుతుంది. అప్పుడు తెచ్చి ఉడికించి, చిక్కటి గుజ్జు చేసి, డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రాత్రి వంటలో పది నిమిషాలు కలిసొస్తాయి.

ప్రశ్న: ఏ నూనె వాడాలి? మా ఇంట్లో గానుగ చెనిక్కాయ నూనె.
– పాఠకురాలు, పాకాల

జవాబు: నియమం ప్రకారం చెనిక్కాయ నూనె కుదరదు. కొబ్బరినూనె, కొందరైతే నెయ్యి వాడతారు. ఇంటిల్లిపాది వంటలో రెండు మూడు చెంచాల గానుగ నూనె కోసం ఇంకో సీసా కొనమని నేనైతే చెప్పను. నూనె పేరు కంటే ఎంత పోస్తున్నారన్నదే చూడండి. కొబ్బరినూనె మంచిదని గ్లాసుల్లో తాగేవాళ్లను చూస్తే నాకు భయం.

ప్రశ్న: పిల్లలు కూర చూస్తేనే ముఖం తిప్పుకుంటారు. వాళ్లకూ పేలియో అలవాటు చేయాలా?
– పాఠకురాలు, మదనపల్లె

జవాబు: అక్కర్లేదు. ఎదిగే పిల్లలకు అన్నం, పప్పు, పాలు, పెరుగు మానిపించే అవసరం లేదు. కూర తినడం మాత్రం అలవాటు చేయండి. గెనుసుగడ్డ చక్రాలు పెనం మీద కాల్చి ఉప్పూ మిరియాలూ చల్లితే ఉర్లగడ్డ చిప్స్‌లాగే ఖాళీ అవుతాయి. బీరకాయ తురిమి గుడ్డు సొనలో కలిపి అట్టు పోస్తే అందులో కూర ఉందని వాళ్లకు తెలియదు. రాత్రి మిగిలిన సొరకాయ కూరను తీసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున నీరు ఇగిరేదాకా వేయించి రెండు గుడ్లు కొట్టి కలపండి, టిఫిన్ డబ్బాలోకి సరిపోతుంది. అయితే గుడ్డు పోసి వండిన పులుసు మాత్రం దాచకండి, మళ్లీ వేడి చేస్తే గుడ్డు గట్టిపడి పిల్లలే కాదు, పెద్దలూ తినరు.